పిండం అనే మాట

మా జంతుశాస్త్రం సార్ పోయారని మంథని నుంచి ఆయన కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది. "అన్నా, బాపు పోయిండు" అన్నది. "సరేనమ్మా" అని పెట్టేశాను. బస్సెక్కాను, దండ వేశాను, అందరితోపాటు నడిచాను. ఏడుపు మాత్రం రాలేదు.

కోడిగుడ్డులో పిల్ల ఎట్లా తయారవుతుందో సార్ జీవితమంతా చూశారు. కరీంనగర్ కాలేజీలో పాఠాలు చెబుతూనే ఇంగ్లీషులో పరిశోధన వ్యాసాలు రాశారు. రిటైరయ్యాక మన పిల్లలు మన మాటల్లో చదవాలని ఒక్క తెలుగు పుస్తకం రాశారు: 'పిండం – మొదటి పది రోజులు'. ప్రూఫులు చూసింది నేనే. ఆ పేరుకు భయపడి 'అంకురం' అందామన్నాను.

"అంకురం విత్తుకురా. పుట్టెటోనికీ పోయినోనికీ మనోళ్లు ఒక్కటే మాట పెట్టిండ్రు. దాన్నెందుకు ఇడుస్తం?" అన్నారు.

నేను భయపడ్డట్టే అయింది. దుకాణంవాడు ఆ పుస్తకాన్ని కర్మకాండల పుస్తకాల పక్కన పెట్టాడు. చెన్నూరు నుంచి ఒకాయన తండ్రి దినాల కోసం కొనుక్కొని, నేరుగా సార్ ఇంటికే వచ్చాడు. "సార్, గిందుల మంత్రాలు లేవు గద" అన్నాడు. సార్ నవ్వలేదు. చాయ్ ఇప్పించి, మూడు రోజులు పొదిగిన గుడ్డుకు కొంచెం పెంకు తీసి చూపించారు. "గీ ఎర్ర చుక్క జర చూడు తమ్మీ. గుండె. అప్పుడే కొట్టుకుంటాంది." ఆయన చూస్తూ చూస్తూ తిరుగు బస్సు అందుకోలేకపోయాడు. నేను మాత్రం పరువు పోయిందనే అనుకున్నాను.

రెండో ముద్రణ వేళకు సార్ మంచం పట్టారు. "నీకు నచ్చకుంటె పేరు మారుస్త. నువ్వు చెప్పినంకనే అచ్చుకు పోతది" అని ఫోన్‌లో అన్నారు. వారంలో చెబుతానన్నాను. ఆ వారం నెలయింది. ఎదురుచూస్తున్నారని తెలిసీ చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పదో రోజు గోదావరి ఒడ్డున కూతురే పిండం పెట్టింది. కాకి ముట్టలేదు. ఏదో కోరిక తీరలేదని పెద్దలన్నారు. "ఫికర్ చేయకు బాపు, అవ్వను నేను చూసుకుంట" అన్నదామె, తల్లి వైపు చూసి. అయినా కాకి రాలేదు. నా వైపు తిరిగింది. "అన్నా, నువ్వేమన్న చెప్పేదుందా?"

ఇలాంటివి నేను నమ్మను. సార్ కూడా నమ్మేవారు కాదు. కానీ ఆయన పిండం ముందు నిలబడితే వేరే మాటేదీ తోచలేదు.

"సార్, పేరు మార్చద్దు. పిండమే ఉండనీయిండ్రి" అన్నాను.

కాకి వచ్చిందని వెనక ఎవరో అన్నారు. నేను కళ్లు తుడుచుకొని చూసేసరికి ఆకు మీద నాలుగు మెతుకులే ఉన్నాయి.