కరిగిపోయిన గడ్డ

ఊళ్లో సగం దుకాణాల బోర్డులు ఆయన రాసినవే. ఒకరోజు మందుల షాపు బోర్డు రాసి నిచ్చెన దిగితే, యజమాని పైకి చూసి తెల్లబోయాడు. పేరులో ఎడమవైపు అక్షరాలే లేవు.

"పూర్తయింది కదా!" అన్నాడు పెయింటరు అమాయకంగా.

ఇంట్లోనూ అదే తంతు. కంచంలో కుడివైపుది తినేసి ఇంకొంచెం పెట్టమనేవాడు. "ఆ పక్కది మా తమ్ముడికి దాచారా?" అని భార్య వేళాకోళమాడేది. ఎడమకాలికి చెప్పు లేకుండానే ఆయన వీధిలోకి నడిచిన రోజున మాత్రం ఆమె వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లింది.

స్కాన్ తీస్తే మెదడులో కుడివైపు, బాగా లోతుగా గడ్డ. అందుకే ఎడమవైపు ఉన్నవేవీ ఆయన ధ్యాసలోకి రావడం లేదట. వాపు తగ్గాలని స్టెరాయిడ్ ఇచ్చారు. కొద్దిరోజుల్లోనే మనిషి తేరుకున్నాడు. మళ్లీ స్కాన్ తీస్తే గడ్డ మాయం! ఆమె తమ్ముడు ఎగిరి గంతేశాడు. డాక్టరమ్మ ముఖంలో మాత్రం నవ్వు లేదు.

"స్టెరాయిడ్‌కే ఇలా మంచులా కరిగే గడ్డలు తక్కువమ్మా. లింఫోమా అని నా అనుమానం. ఒంట్లో ఇంకెక్కడా లేకుండా మెదడులోనే పుట్టే అరుదైన క్యాన్సర్. పోలేదు, దాక్కుంది. స్టెరాయిడ్ ఆపి, మళ్లీ కనబడ్డాక ముక్క తీసి చూడాలి."

"తగ్గినదాన్ని చేతులారా రమ్మంటామా?"

"అదేమిటో తేలకుండా దేనికని మందివ్వనమ్మా?"

స్టెరాయిడ్ ఆపేశారు. ఆమె కళ్లలో వత్తులు వేసుకుని కాచుకుంది. ఒక ఉదయం ఆయన తల సగమే దువ్వుకుని గదిలోంచి వచ్చాడు. ఆమెకు ఏడుపొచ్చింది. వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సూదితో బియ్యపుగింజంత ముక్క తీశారు. లింఫోమాయే. దాన్ని ఒక్కసారి చూస్తానని ఆమె పట్టుబడితే, డాక్టరమ్మ ల్యాబుకు తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. సన్నని రక్తనాళం చుట్టూ ఊదారంగు కణాలు, వలయాలు వలయాలుగా.

"రోగాలతో పోరాడాల్సిన కణాలేనమ్మా ఇవి. దారి తప్పాయి."

కంటికి ఆనని ఈ చుక్కలేనా, తన మనిషి లోకంలో సగాన్ని చెరిపేసినవి! ఆమె భయపడటం కూడా మరచిపోయి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఎలా ఉంది?" అడిగాడు ఆయన, ఆమె వార్డుకు రాగానే.

"చెబితే తిడతారేమో. అందంగా ఉందండీ."

"ఏం రంగు?"

"ఊదా."

"అబ్బ!" అన్నాడు ఆయన.

నరం ద్వారా మందులు నెలల తరబడి ఎక్కించారు. జుట్టంతా ఊడింది, ఒళ్లు గుల్లయింది. కానీ గడ్డ కరిగింది, ఈసారి మళ్లీ రాలేదు. ఇప్పటికీ పరీక్షలకు వెళ్లివస్తూనే ఉన్నారు. ఎత్తు పనులకు ఆమె ఒప్పుకోదు. అరుగు మీద కూర్చుని చిన్నచిన్న బోర్డులు రాస్తున్నాడు. పని కాస్త నిదానమే, గిరాకీ మాత్రం బాగానే ఉంది.