సోమవారం దమ్ము

మొన్న పాలకుర్తి గుట్ట మెట్లు ఎక్కుతుంటే, డెబ్బై దాటిన మా యారాలు, అదే మా బావగారి భార్య, ఎక్కడా ఆగకుండా నాకంటే ముందు పైకి చేరి "జర జల్ది రావే" అని కేకేసింది. నాకు కళ్లు చెమర్చాయి. ఒకప్పుడు ఆమె వాకిట్లోంచి వంటింట్లోకి రావడానికే గోడ పట్టుకొని నిలబడేది.

అప్పట్లో మట్టెవాడలో ఉంటూ ఇద్దరం పత్తిమిల్లులో పనికి పోయేవాళ్లం. గింజ తీసే మిషన్ల దగ్గర గాలంతా తెల్లగా నూగు పట్టి ఉండేది, సాయంత్రానికి మా కనుబొమ్మలు కూడా ముసలివాళ్లవైపోయేవి. మా యారాలక్కకు ఆదివారం సెలవునాడు హాయిగానే ఉండేది. సోమవారం పనిలోకి దిగితే చాలు, ఛాతీ బిగుసుకుపోయి, ఊపిరాడక దమ్మొచ్చేది. వారానికి రెండు రోజుల కూలి పోయేది, మందులకు మరికొంత పోయేది, చివరికి మా అత్తగారి వెండి కడియాలు కూడా అమ్ముడుపోయాయి. సోమవారమే దమ్మెందుకొస్తుందని ఇంట్లో అందరూ గొణిగేవారు. నేనూ మనసులో అదే అనుకున్నాను.

ఒక సోమవారం ఆమె మిషను పక్కనే కూలబడితే రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ ఛాతీ విని, "సెలవు తెల్లారే ఎక్కువైతదా?" అని మేం చెప్పకముందే అడిగింది. పత్తిదుమ్ము చేసే పనే అదనీ, ఇప్పుడు మానేస్తే ఊపిరి మళ్లీ కుదురుకుంటుందనీ, ఇంకొన్నేళ్లు పోతే కష్టమనీ చెప్పింది.

తిరిగొస్తూ ఉండబట్టలేక చెప్పేశాను. "అక్కా, నువ్వు నటిస్తున్నవనుకున్న."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నాకు గూడ గట్లనే అనిపించిందే. నాకే ఒళ్లు బరువైందేమో అనుకున్న."

సంగతంతా విన్న అత్తగారు, "రేపటి సంది ఇద్దరు పోవద్దు" అన్నారు. ఆ ఏడాది పొడుగునా పచ్చిపులుసుతోనే గడిపాం, జాకెట్లు కుట్టి నెట్టుకొచ్చాం. ప్రతి సోమవారం పొద్దున నేను చేతిలో పని ఆపి ఆమె ఊపిరి వినేదాన్ని. కొన్ని నెలలకు, కుట్టుమిషను తొక్కుతూ ఆమె కూనిరాగం తీయడం విన్నాక, ఇక చెవి ఒగ్గి వినడం మానేశాను.

ఇప్పుడు మిల్లుల్లో దుమ్ము లాగే గొట్టాలున్నాయట, ఆడవాళ్లు దమ్మొస్తే మేనేజరుతో గట్టిగా చెబుతున్నారట. విని ఎంత హాయిగా ఉందో. కానీ అప్పట్లో మిల్లులో మా వరుసలో పనిచేసిన నలుగురైదుగురు ఆడవాళ్లకు డాక్టరమ్మ మాట చెప్పడానికి నేను వెళ్లినప్పుడు, మానేస్తే ఇల్లెట్లా గడుస్తదని నవ్వేసి, మళ్లీ మిషన్ల వైపు తిరిగారు. మా కాలంలో ఊపిరి పోవడం కూడా కూలిపనిలో భాగమే అనుకునేవాళ్లం.