బావి ఉన్న వాటా కిరాయి

ఆ రోజుల్లో నాకు ఎవరి మాటా నమ్మబుద్ధి అయ్యేది కాదు. నైజాం పాలన పోయి ఏడాది తిరగలేదు. నేను చేతిలో కాగితాలతో కనబడితే చాలు, కొత్త పన్నేదో వచ్చిందని ఇంటి యజమానులు కిరాయి తగ్గించి చెప్పేవారు. కిరాయికున్న సర్కారు నౌకరీదారులు మాత్రం సర్కారు భత్యం కోసం పెంచి చెప్తారని నా అనుమానం.

నా పని అదే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగి కిరాయి వాటాలు చూడాలి. ఏ వాటాకు ఎంత కిరాయి న్యాయమో లెక్క తేల్చాలి. దాన్నిబట్టి నౌకరీదారులకు ఇంటి భత్యం ఖాయమవుతుంది. కాలేజీలో నేర్చుకున్న పద్ధతి ఒకటి నా దగ్గర ఉంది. ఇప్పటి పిల్లలు రిగ్రెషన్ అంటూ మీట నొక్కి చేసేస్తున్నారు గాని, నేను పదిహేను రోజులు చేత్తో చేశాను. గదికి ఇంత, పెంకు కప్పుకు ఇంత, బస్సు అడ్డాకు దగ్గరైతే ఇంత అని అది విడదీసి చెప్తుంది.

అన్నీ అనుకున్నట్టే వచ్చాయి, బావి తప్ప. పెరట్లో బావి ఉంటే కిరాయి రెండు రూపాయలు తగ్గుతుందని తేలింది. నీళ్ళున్న ఇంటికి ఎవడైనా తక్కువిస్తాడా? కూడికలన్నీ మళ్ళీ చేశాను. కోదాడ వాళ్ళు మన నైజాం హాలీ రూపాయల్లో కాక ఆంధ్ర వైపు నడిచే, విలువ ఎక్కువైన కల్దారు రూపాయల్లో చెప్పారేమోనని ఆరా తీశాను. అదీ కాదు. చివరికి ఆరు ఇళ్ళు బయటపడ్డాయి. ఆరింటికీ బావి లేదు, ఆరింటికీ కిరాయి మండిపోతోంది. వాటిని తీసేసి లెక్క కడితే బావి బుద్ధిగా రూపాయిన్నర పెంచింది. దొంగలు దొరికారని సంబరపడ్డాను.

ఆరింటిలో ఎక్కువ కిరాయి కోదాడలో ఒక పంతులమ్మది. ఒంటి గదికి పద్నాలుగు రూపాయలు. నా లెక్కలో అది ఎనిమిది దాటదు. యజమానితో కుమ్మక్కై దొంగ రసీదు పెట్టిందని తీర్మానించుకుని, పట్టుకుందామని బస్సెక్కాను.

ఆమె ఇద్దరు పిల్లలతో ఉంటోంది. భర్త లేడు. గోడకు చిన్న సిలువ బొమ్మ ఉంది. రసీదు మీద సంతకం ఎవరిదని గద్దించి అడిగాను.

"ఇంటాయనదే సారు. అడగండి, ఎదురుగానే ఉంటడు" అంది.

"ఈ గదికి పద్నాలుగా? ఎనిమిది దాటకూడదు. ఇదే డబ్బుకు బావి ఉన్న రెండు గదుల వాటా వస్తుంది కదా?"



"మీకొస్తది సారు. నేను పదకొండు ఇండ్లు అడిగిన. మావోళ్ళు బొక్కెన ఏస్తే బావి మైల పడ్తదంట. బావి లేని ఇల్లే మాకిచ్చేది. ఇంకోటి దొరకదని ఈయనకు తెలుసు, అందుకే పద్నాలుగు. భత్యం తగ్గిస్తే ఆరు రూపాయలు జీతంల నుంచి పోతయి. పిల్లల బడి మాన్పియ్యాల్సిందే."

తక్కిన ఐదిళ్ళలో ఉన్నదెవరో నాకప్పుడు గుర్తుకొచ్చింది: అందరూ ఆమెవాళ్ళే. నా కాగితంలో గదులకూ, కప్పుకూ, దూరానికీ, బావికీ గడులున్నాయి. ఇంట్లో ఉండేది ఎవరన్న గడి లేదు. అది అవసరమని నాకు తోచనేలేదు. నాకు ఏ ఊళ్ళోనూ ఎవరూ ఇల్లు లేదనలేదు మరి.

అయినా అనుమానం చావలేదు. సూర్యాపేటలో నేనున్న ఇంటి పక్క వాటా రెండు నెలలుగా ఖాళీ. రెండు వాటాలకూ పెరట్లో ఒకటే బావి. మా ఇంటి యజమాని ముసలాయనను అడిగాను: "ఒక పంతులమ్మ పద్నాలుగిస్తుంది, ఇస్తారా?"

నేనిచ్చేది ఏడు. ముసలాయన మొహం విప్పారింది. "ఎవరోళ్ళు?" అని కులం అడిగాడు. చెప్పాను.

"ఖాళీగ ఉన్నా మంచిదే గని గా పని సెయ్య. అయినా కొడకా, గామె తోడిన బావిల నీళ్ళు నువ్వు తాగుతవా?"

తాగుతానని చెప్పడానికి నోరు రాలేదు. ఆ సిగ్గు నాకిప్పటికీ ఉంది.

రెండు రోజులకు మా అధికారి నా లెక్కలు ముందేసుకున్నాడు. చక్కగా కుదిరాయని మెచ్చుకుని, తీసేసిన ఆరు పేర్ల దగ్గర వేలు ఆపాడు.

"ఇవెందుకు తీసేసినవ్?"

నిజం చెప్తే పట్టీ అంతా తప్పుల తడక అవుతుంది. బావి ఉన్న వాటాకు నువ్వెంత కిరాయి కడుతున్నావని తర్వాత నన్నే అడగవచ్చు. పైగా ఆయన ఇంట్లోనూ బావి ఉంది.

"రసీదుల మీద అనుమానం ఉంది సార్" అన్నాను.

ఆయన తలాడించి, ఆరు పేర్లకూ ఎనిమిదేసి రూపాయల భత్యం రాసి సంతకం పెట్టాడు.