ఏడో సాలు కంది

మల్కాజ్‌గిరిలో తోపుడుబండి మీద పచ్చి కందికాయలు చూసి ఆగిపోయాను. మన ఈడువాళ్లకు గుర్తుందా, చేలో ఆరు సాళ్లు జొన్న, ఏడో సాలు కంది? వాన మొహం చాటేసి జొన్న ఎండినా, ఇంటికి పప్పైనా మిగిలేది.

ఒక వానాకాలం కంది గింజలు వేసే తన పని అమ్మ నాకిచ్చింది. ఆటకు తొందరై, ఒడిలోవన్నీ గట్టు పక్కన ఒక్కచోటే పోసి మట్టి కప్పాను. తర్వాత లెక్కల టీచరునయ్యాను లెండి.

మొలకలు గుంపుగా లేచి నా పని బయటపెట్టాయి.

"ఎవరే గిట్ల ఏసింది?" నాన్న అరిచాడు.

"నేనే. జెర పరేషాన్‌ల ఉంటి," అంది అమ్మ.

ఆ ఏడాది జొన్న ఎండింది, పప్పూ లేదు. ఇంటిల్లిపాదీ అమ్మనే అన్నారు. ఆమె పోయేదాకా నేను నిజం చెప్పలేదు.

నా నోటికి మా వీధంతా జడుస్తుంది. అమ్మ కోసం అది ఒక్కసారీ పెగల్లేదు.