డబ్బాల బాబాయి మౌనవ్రతం

ఎవరింటికి వెళ్లినా మా బాబాయి ముందు డీజిల్ డబ్బాను పలకరిస్తాడు, ఆ తర్వాతే మనుషుల్ని. ఆ ఇంట్లో జనరేటర్ ఉందని తెలిస్తే చాలు, "బాగున్నారా" అన్న మాట కూడా వినకుండా పెరట్లోకి నడుస్తాడు. డబ్బాను వేలితో కొట్టి చూస్తాడు, మూత తిప్పి చూస్తాడు, అడుగున చెమ్మ ఉందేమోనని తడిమి చూస్తాడు. జ్వరమొచ్చిన పిల్లాణ్ణి డాక్టరు కూడా అంత శ్రద్ధగా చూడడు. చాలా ఏళ్లు జనరేటర్లు అద్దెకిచ్చిన మనిషి. వ్యాపారమైతే మానేశాడు గానీ డబ్బాల్ని మానలేకపోయాడు. అందుకే చుట్టాలందరికీ ఆయన డబ్బాల బాబాయి.

ఒకసారి పక్కవీధి పిండిమిల్లు యజమాని డీజిల్‌ని మంచినీళ్ల సీసాలో పోసి కిటికీలో పెట్టాడు. అది చూసి బాబాయి తాగుతున్న కాఫీ కింద పెట్టేశాడు.

"ఇదేంటండీ?"

"డీజిలండీ. కొంచెమే గదా."

"దాహమేసి గటగటా తాగేవాడికి ఆ సంగతి తెలుస్తుందా? పైగా ఎండలో పెట్టారు."

"రేపు తీసేస్తాలెండి."

"అయితే రేపటిదాకా నేనిక్కడే కూర్చుంటా."

కూర్చున్నాడు కూడా. మిల్లు యజమాని మంచి క్యాన్ తెప్పించి, డీజిల్ అందులోకి వంచి, సీసా పారేసేదాకా బాబాయి కుర్చీ వదల్లేదు. ఈలోగా భోజనాల వేళ కావడంతో యజమాని భార్య బాబాయికీ వడ్డించింది.

పెళ్లిళ్లకు బాబాయి ఇచ్చే కానుక కూడా అదే. పసుపుపచ్చటి క్యాన్, బిగుతైన మూత, నల్లరంగుతో పెద్దక్షరాల్లో 'డీజిల్'. దాన్ని రంగుకాగితంలో చుట్టలేక పిన్ని నానా అవస్థ పడేది.

"వాళ్లకు జనరేటరే లేదండీ."

"కొన్నాక క్యాన్ కోసం వీధులెంట తిరుగుతారా?"

పెళ్లికూతురి చేతిలో పెడుతూ ఆయన ఇచ్చే దీవెన ఒకటే: "అంచుదాకా పోయకు తల్లీ. బెత్తెడు ఖాళీ ఉంచు. వేడికి డీజిల్ ఉబ్బుతుంది." పెళ్లికొడుకు ఏమీ అర్థం కాకపోయినా బుద్ధిగా తలూపేవాడు.

అలాంటి మనిషి మా అక్కావాళ్లింట్లో నోరు మెదపలేదు. అప్పుడు మొదలైంది మాకు బెంగ.

అక్కా బావా కోడిగుడ్లు పొదిగించే షెడ్డు కొత్తగా పెట్టారు. జనరేటర్ పక్కనే జింకు పూత పూసిన డ్రమ్ము, దాని నిండా డీజిల్. చూడ్డానికొచ్చిన బాబాయి డ్రమ్మును కొట్టి చూశాడు, వంగి దాని మీద రాసింది చదివాడు. ఇక ఉతికి ఆరేస్తాడని మేమంతా ఊపిరి బిగబట్టాం. "షెడ్డుకు గాలి బాగా వస్తోందమ్మా" అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు.

అక్క వెంటనే పిన్నికి ఫోన్ చేసింది. "పిన్నీ, బాబాయికి ఒంట్లో ఏమీ బాగాలేదు. డాక్టరుకు చూపించండి." పిన్ని థర్మామీటరు పెట్టి చూసింది. జ్వరం లేదు.

మొదటి విడత గుడ్లు చిట్లుతున్న రోజు, సరిగ్గా మధ్యాహ్నం, కరెంటు పోయింది. బావ పరుగున వెళ్లి జనరేటర్ స్టార్ట్ చేశాడు. అది దగ్గింది, తుమ్మింది, ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే దగ్గడం కూడా మానేసింది. గుడ్లు పొదిగే మిషన్లో వేడి తగ్గితే కోడిపిల్లలు పెంకులోనే చచ్చిపోతాయి. అక్క ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి మిషన్‌కి కప్పుతోంది. లోపల్నుంచి కిచకిచలు వినబడుతున్నాయి. నేను బాబాయికి ఫోన్ చేశాను.

"జనరేటర్ ఆగిపోయి..." అన్నానో లేదో, "ఫిల్టర్ మూసుకుపోయింది, వస్తున్నా" అని పెట్టేశాడు.

స్కూటర్ మీద పసుపుపచ్చటి క్యాన్, జేబులో కొత్త ఫిల్టర్. వచ్చీ రాగానే టాంకులోది మొత్తం వంచేయించి, తుడిపించి, ఫిల్టర్ మార్చి, తన డీజిల్ పోసి, గొట్టంలో గాలి తీశాడు. "ఇప్పుడు కొట్టండి అల్లుడుగారూ" అన్నాడు. జనరేటర్ ఒక్కసారి గర్జించింది. అక్క దుప్పట్లు లాగిపారేసి అద్దానికి ముఖం ఆనించింది. తడిసిన ముద్దలాంటి పిల్ల ఒకటి పెంకు తన్నుకుని బయటపడింది, దాని వెనుక ఇంకొకటి, ఆ వెనుక ఇంకా. మేమందరం కలిసి ఒకేసారి మాట్లాడాం, ఎవరి మాట ఎవరికీ వినబడలేదు.

కాస్త తేరుకున్నాక బావ అడిగాడు. "చూడకుండానే ఫిల్టరని ఎలా చెప్పారు మావయ్యగారూ?"

"డీజిల్‌కీ జింకుకీ పడదండీ. నిల్వ ఉంటే జిగురుగా మడ్డి కట్టి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. మొదటిరోజే అనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

బాబాయి చేతులు తుడుచుకుంటూ నేల చూపులు చూశాడు. "ఎలా చెప్పమంటారు? దాని మీద మీ నాన్నగారు 'మా అబ్బాయికి' అని తన చేత్తో రాసిపెట్టారు. పోయిన మనిషి ఇచ్చిన వస్తువుని పట్టుకుని పనికిరాదనడానికి నోరు రాలేదు. ఈ విడత గడిచాక మెల్లిగా చెబుదామని, ఈలోగా జనరేటర్ ఆగితే నేనున్నా గదాని, ఆ సాయంత్రమే ఫిల్టర్ కొనుక్కున్నా."

బావ వెళ్లి డ్రమ్ము మీది అక్షరాల్ని వేళ్లతో తడిమాడు.

"దాన్ని పారెయ్యకండి" అన్నాడు బాబాయి. "శుభ్రంగా కడిగించి, ఆరబెట్టి, ఇసుక పోసి ఇక్కడే ఉంచండి. ఎప్పుడైనా నిప్పు రేగితే మీ నాన్నగారే చూసుకుంటారు."

బావ కళ్లు తుడుచుకుని ఒక కుర్చీ తెచ్చి బాబాయికి వేశాడు, ఇంకోటి తనకు వేసుకున్నాడు.

"మావయ్యగారూ, ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నది ఇప్పుడు చెప్పేయండి."

"వద్దులెండి, బాగోదు."

"నేనే అడుగుతున్నా గదా. ఆ డ్రమ్ములో ఇంకేం లోపాలున్నాయి?"

బాబాయి ముఖం వెలిగిపోయింది. కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

"ముందు మూత సంగతి చూద్దాం" అన్నాడు.