అంజనప్ప వేసిన ముడి

అంజనప్ప ఏ తాడునూ నమ్మేవాడు కాదు. సోమల దగ్గర ఒక పల్లెలో కిత్తనార తాళ్లు పేనడమే ఆయన వృత్తి. చేదతాళ్లు, పలుపులు, కపిల మోకులు, అన్నీ పేనేవాడు. ఎవరింట్లో ఏ తాడు కంటబడినా కొన విప్పి వాసన చూసేవాడు. "పైన కొత్త నార, కడుపులో ముక్కిన నార," అని పక్కకు పడేసేవాడు. పక్కవాడి తాడుతో కలిసిపోకుండా తను పేనిన ప్రతి తాడు కొనలోనూ ఎర్ర గుడ్డ పీలిక ఒకటి చేర్చేవాడు.

అప్పట్లో నేను పుంగనూరులో కొత్తగా చేరిన బడిపంతుల్ని. మా బావికి చేదతాడు కోసం వెళ్లి ఆయనతో పరిచయం పెంచుకున్నాను. పన్నెండు మట్ల లోతు బావిలోకి ఒంటి తాడు పట్టుకుని దిగి పూడిక తీసే మనిషి. చింతచెట్టు చిటారు కొమ్మ మీద నిలబడి కాయ దులిపే మనిషి. అలాంటివాడు పరస అనే పశువుల సంతలో తిరిగే రాట్నాన్ని చూస్తే మాత్రం వణికిపోయేవాడు.

ఏటా పుంగనూరు బయట మూడు రోజులు పశువుల పరస జరిగేది. కుప్పం నుంచి మునిరాజు అనే ఆయన కొయ్య రాట్నాన్ని విడదీసి బండ్ల మీద తెచ్చి నిలబెట్టేవాడు. దానికి నాలుగు తొట్లు. ఇద్దరు మనుషులు చేతులతో తిప్పితే ఒక తొట్టి పైకి లేస్తుంటే ఎదుటిది కిందికి దిగేది. తాళ్లు పరుచుకుని అమ్మే అంజనప్ప, దాని కిర్రుమనే చప్పుడు వినబడగానే వీపు అటు తిప్పి కూర్చునేవాడు.

"బావిలో దిగేటప్పుడు లేని బయం దీనికి యాల?" అని భార్య బయ్యమ్మ అడిగింది ఒకసారి, నా ఎదురుగానే.

"బావిలో తాడు నా చేతిలో ఉంటాది. ఆడ ఇంగొకడి చేతిలో. ఆ మునిరాజు నవ్వు సూడు. నవ్వుతా తిప్పేవాణ్ణి ఎట్ల నమ్మేది?"

"అయితే ఏడుస్తా తిప్పమని చెప్పాల్నా?"

మునిరాజు ఏం చేసినా అంజనప్పకు అందులో ఏదో కిటుకు కనబడేది. బరువులు సమంగా ఉంటేనే రాట్నం సాఫీగా తిరుగుతుంది. అందుకని మునిరాజు వచ్చినవాళ్లను పైనుంచి కిందికి ఒకసారి చూసి, లావుపాటి మనిషికి ఎదురు తొట్టిలో లావుపాటి మనిషినే కూర్చోబెట్టేవాడు. అంజనప్ప నా చెవి దగ్గరికి వచ్చి అన్నాడు: "గొర్రెను సూసినట్ల సూస్తాండాడు అయ్యవారా. ఎవురు పడితే ఎంత సప్పుడు అయితాదో అంచనా కడ్తాండాడు."

నలభై మూడులో యుద్ధం వల్ల ఇనుము దొరకలేదు. రాట్నం గొలుసులు తుప్పుపట్టి తెగితే, ఆ ఏడు మునిరాజు తొట్లను తాళ్లతో కట్టి తెచ్చాడు. పరస మొదటి రోజు పొద్దున అంజనప్ప దగ్గరికి వచ్చి, "ఏమప్పా, ఇంగో తాడు కావాల. మొన్న మదనపల్లి సంతలో నీ భార్య అమ్మినవి గట్టిగా ఉండాయి. తొట్లకంతా అవే కట్టినా," అన్నాడు.

అంజనప్ప చెయ్యి ఆగిపోయింది. "నా తాళ్లా?"

"కొనలో ఎర్ర పీలిక ఉండాది. పోయి సూసుకో."

అంజనప్ప బయ్యమ్మ వైపు తిరిగాడు. "ఎవురికి అమ్మినావే?"

"కొన్నోనికి," అంది ఆమె.

అక్కడ రైతులు పదిమంది దాకా బేరమాడుతున్నారు. వాళ్లలో రామప్ప అనే భారీ మనిషి చేతిలో కపిల మోకు ఉంది. ఎద్దులు బావిలోంచి నీళ్లు లాగే మోకు అది. మధ్యలో తెగితే ఎద్దుల నడుములు విరుగుతాయి. రామప్ప దాన్ని మెల్లగా కింద పెట్టాడు.

"అందరి తాళ్లలో ముక్కిన నార ఉండాదంటావు. మరి నీ తాడు కట్టిన తొట్టి ఎక్కేదానికి నీకెందుకప్పా బయం? దాని కడుపులో ఏముండాదో నీకు తెలిసే కదా వీపు తిప్పుకుని కూసుంటాండావు?"

మిగతావాళ్లు కూడా చేతుల్లోని తాళ్లు వదిలేశారు. ఆ పరసలో పుట్టిన అనుమానం సాయంత్రానికి సోమల చేరుతుంది, వారానికి మదనపల్లి దాటుతుంది. ఆ తర్వాత అంజనప్ప తాడు ఎవరి బావిలోనూ దిగదు. ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

లేచాడు. రాట్నం దాకా నడిచి, కిందున్న తొట్టి తాడు కొన విప్పి వాసన చూశాడు. తనదే. అయినా ఎక్కలేదు. తాడు వెంట వేలు జరుపుకుంటూ పోయి ముడి దగ్గర ఆగాడు.

"ఇది ఎవురు యేసినారు?"

"నేనే," అన్నాడు మునిరాజు.

"తాడు నాది. ముడి నాది కాదు."

అందరూ నవ్వారు. మునిరాజు కూడా నవ్వి, "అయితే నీ చేత్తో యెయ్యప్పా. ఎవురొద్దన్నారు?" అన్నాడు.

తొట్టికి నాలుగు చొప్పున పదహారు ముడులు. ఒక్కొక్కటీ విప్పి కట్టి, దానికి వేలాడి చూసి, ఇంకో దానికి పోయాడు. ఎక్కాలని వచ్చినవాళ్లు విసుక్కున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. చివరికి కట్టడానికి ముడి మిగల్లేదు.

మునిరాజు ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. తర్వాత రామప్పను చూశాడు. "నీ బరువు సరిపోతాది. ఎదురు తొట్లో కూసో."

"నాకెందుకప్పా?" అన్నాడు రామప్ప.

"అనుమానం నీదే కదా."

తిరిగినంతసేపూ అంజనప్ప కళ్లు మూయలేదు. ముఖాన్ని ముడికి ఆనించి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "కండ్లు మూసుకుంటే వాడు ఏం సేస్తాడో తెలీదు కదా," అని తర్వాత చెప్పాడు. "పైకి పోయినప్పుడు సంగటి గొంతులోకి వచ్చింది. ముడి మాత్రం కదల్లేదు."

దిగగానే మునిరాజును నిలదీశాడు. "అందరికీ ఆరు సుట్లు. నన్ను ఏడు తిప్పినావు. యాల?"

రామప్ప వేపచెట్టు చాటుకు పోయి కక్కుకుని వచ్చి, ఆ మోకే కొన్నాడు.

అప్పటినుంచి ప్రతి పరసకూ మొదటి పొద్దున అంజనప్ప పదహారు ముడులు వేసేవాడు. మొదటి తిప్పు తనే ఎక్కి, ఆ తర్వాతే తాళ్లు పరిచేవాడు. భయం తగ్గిందా అని అడిగితే, "యాడ తగ్గేది? అది నాకంటే ముందే ఎక్కి కూసుంటాది," అనేవాడు.

నలభై ఎనిమిదిలో మునిరాజు నన్ను పక్కకు పిలిచి తొట్టి పలక ఒకటి ఎత్తి చూపించాడు. కొయ్య లోపల ఇనుప కడ్డీలు బిగించి ఉన్నాయి. "ఇనుము దొరికింది సారు. బరువంతా దీని మిందనే. తాళ్లు ఊరికే కట్టినా. ఆయనకు చెప్పొద్దు. తాడు లేకుంటే ఆయన ఎక్కడు. ఆయన ఎక్కకపోతే సోమల మనిషి ఒక్కడూ ఎక్కడు."

ఏడాదిపాటు ఆ మాట దాచాను. అది నాకు మోసంలాగే తోచింది. మరుసటి ఏడు పరసకు వారం ముందు, వాళ్ల వాకిట్లో అంజనప్ప మోకు పేనుతూ ఉంటే చెప్పేశాను.

ఆయన పేనడం ఆపలేదు. "పోయినేడే తెలిసింది. ముడి యేసేటప్పుడు పలక సందులో వేలికి సల్లగా తగిలింది."

"మరి తెలిసీ ముడులు ఎందుకు వేస్తున్నావు?"

"ఆ ఇనుము ఎవురు కాచినారో నీకు తెలుసునా అయ్యవారా? దాని కొన విప్పి వాసన సూసేదానికి లేదు." పురి కొన ఒకటి నా చేతికిచ్చి గట్టిగా పట్టుకోమన్నాడు. "ఈ ఏడు తొట్టికి ఇంగొకటి, ఇరవై ముడులు యెయ్యాల."