రెండు రోజుల లీవు లెటరు

ఆ రోజుల్లో మా పెరంబూరు బళ్ళో చదివినవాణ్ణి ఇంగ్లీషు వచ్చా అని ఎవరైనా అడిగితే, వచ్చనే చెప్పేవాడు. కాకపోతే ఒక్క ఉత్తరం మేరకే వచ్చు. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ రిక్వెస్ట్ యు టు కైండ్లీ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్.’ జ్వరంతో బాధపడుతున్నాను కనుక రెండు రోజులు సెలవు ఇప్పించమని ప్రార్థన. కొత్త సినిమా వచ్చినా, క్రికెట్టు మ్యాచి ఉన్నా, ఇంట్లో తద్దినమైనా మాకు వచ్చే జబ్బు జ్వరమే (ఇంకో జబ్బుకు స్పెల్లింగు రాదు). రోజులూ రెండే. ఒక్క రోజుకైతే ఉత్తరం అడిగేవాళ్ళు కారు, రెండు దాటితే డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మనేవాళ్ళు. అందుకని మా బడి మొత్తం జ్వరాన్ని సరిగ్గా రెండు రోజుల్లో తగ్గించుకునేది. ఆ ఉత్తరాన్ని నేను బడి దాటించి, హార్బరు గేటు కూడా దాటించి, ఒక ఓడలోకి తీసుకుపోయాను. ఆ సంగతి చెప్పబోతే ఇన్నేళ్ళ తరువాత కూడా నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

మద్రాసు బోర్డులు ఒక్కొక్కటిగా చెన్నై అని మారుతున్న కాలం అది. నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీలో అన్నీ గట్టెక్కి ఇంగ్లీషు పేపరు మాత్రం రెండుసార్లు పోయింది. రాయపురంలో ఓడలకు బియ్యం, కూరగాయలు, మంచినీళ్ళు అందించే చిన్న ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మా మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు ‘నాళైకి సార్’. మనవాడే, ఇంట్లో తెలుగే, కానీ ఏ కాగితం చూపించినా అరవంలో ‘నాళైకి పాక్కలాం’ అనేవాడు, అంటే రేపు చూద్దామని. ఆ రేపు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు.

మేం సరుకులిచ్చే ఓడల్లో ఒకటి హార్బరులో ఓ మూల ఎనిమిది నెలలుగా కదలకుండా పడి ఉంది. ఓనరుకూ ఇంకెవరికో కోర్టు కేసు. తీర్పు వచ్చేదాకా ఓడ పోకూడదు, ఓడని వదిలి మనుషులూ పోకూడదు. కెప్టెను ఎలాగో విమానమెక్కి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఏడుగురు చైనావాళ్ళు. పాపం వాళ్ళకి ఊరంతా కనిపిస్తుంది. బస్సుల హారన్లు వినిపిస్తాయి, సాయంత్రమైతే వీధి దీపాలు లెక్కపెట్టుకోవచ్చు. గేటు దాటాలంటే మాత్రం పాసు కావాలి. పాసు కావాలంటే ఎందుకో, ఎన్నాళ్ళో ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ రాసేవాడు ఏడుగురిలో ఒక్కడూ లేడు.

“వాళ్ళకేం కావాల్నో వాళ్ళ చేత్తోనే రాసియ్యాల,” అన్నాడు నాళైకి సార్. “మనం రాసిస్తే ఆ కోర్టు కేసు మన నెత్తికి చుట్టుకుంటాది. నువ్వు బియ్యే చదివినావు గదప్పా, ఒకడికి నేర్పీ.”

(బియ్యే చదివిన మాట నిజం. పాసయ్యానని నేనెప్పుడూ చెప్పలేదు.) ఇంటికి వచ్చి ఈ ఘనత చెబితే మా అమ్మ చేతిలో గరిట అట్లాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. “నీకే ఆ పేపరు రెండు తూర్లు పోయిందే. ఆడ సముద్రంలో వాళ్ళేం పాపం చేసినార్రా నాయనా?”

నా శిష్యుడు ఇంజను గదిలో నూనె పోసే పనివాడు. నాకన్నా రెండు మూడేళ్ళు పెద్దే అయినా ఆఫీసులో అందరూ అరవంలో ‘తంబి’, అంటే తమ్ముడు, అనడంతో నాకూ తంబే అయ్యాడు. మాటలు చాలా తెలుసు వాడికి, కానీ క్రియ చివర తోక పెట్టడు. ‘ఐ ఈట్’ అంటాడు. నిన్న తిన్నా అదే, ఇప్పుడు తింటున్నా అదే, రేపు తినబోయినా అదే. వాళ్ళ భాషలో క్రియ మారదట, పక్కన నిన్న అనో రేపు అనో ఒక మాట పెడితే సరిపోతుందట. నేనేమో మద్రాసువాణ్ణి, కనిపించిన ప్రతి క్రియకూ ఇంగ్ తగిలించేవాణ్ణి. ఐ యామ్ నోయింగ్, ఐ యామ్ హ్యావింగ్, ఐ యామ్ వాంటింగ్. వాడిది పిసినారితనం, నాది దుబారా. మా ఇద్దరి మధ్య ఇంగ్లీషు భాష పడిన అవస్థ ఆ దేవుడికే తెలియాలి.

ఇంగ్ అంటే ఏమిటో వాడికి ఎలా చెప్పడం? మా ఇంట్లో ‘వండతా ఉండాను’, ‘వస్తా ఉండాడు’ అంటాం కదా, అదే ఇది. పని మొదలైంది, ఇంకా ముగియలేదు. ఈ ముక్క వాడికి తెలుగులో చెప్పి లాభం లేదు కనుక నటించి చూపించాను. డెక్కు మీద అటూ ఇటూ నడుస్తూ ‘ఐ యామ్ వాకింగ్’ అన్నాను. ఆగి ‘నౌ, ఐ యామ్ నాట్ వాకింగ్’ అన్నాను. మళ్ళీ నడక. ఏడుగురూ పని మానుకుని చూస్తున్నారని హుషారొచ్చి వెనక్కి కూడా నడిచాను. తాళ్ళు కట్టే ఇనప దిమ్మ మడమకి తగిలి, కూలబడి, కాలు పట్టుకుని ఏడుపు గొంతుతో ‘ఐ యామ్ సఫరింగ్’ అన్నాను. పాఠం అంటే అదీ! అందరికన్నా గట్టిగా నవ్వినవాడు ముసలి వంటవాడు. నవ్వుతూనే పోయి వేణ్ణీళ్ళు తెచ్చి నా కాలు కాపడం పెట్టాడు. నొప్పి తగ్గాక లేచి నిలబడి, పంతులు పంతులే కనుక, ‘నౌ, ఐ యామ్ నాట్ సఫరింగ్’ అన్నాను. తంబి దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ వంటవాడు తంబికి తల్లి తోడబుట్టినవాడు. వాణ్ణి ఓడ పనిలో పెట్టింది ఆయనే. వాళ్ళ భాషలో మేనమామకి వేరే మాట, బాబాయికి వేరే మాట ఉన్నాయట, ఇంగ్లీషువాడికే అందరూ అంకులే. అది తెలిశాక నేను ఆయన్ని వంటమామ అన్నాను. నేను తెచ్చిన ములక్కాయని ఆయన మొదటిసారి తొక్కతో సహా నమిలి, మింగలేక, నా ముందు ఉమ్మలేక, కళ్ళనీళ్ళు పెట్టుకుని ‘గుడ్’ అన్నాడు. పళ్ళతో ఎలా లాగాలో నేను చూపించాను. అప్పట్నుంచి నేను నిచ్చెన ఎక్కుతుంటే పైనుంచి ములక్కాయల కోసం తొంగిచూసేవాడు.

ఆ మామకే జ్వరం పట్టుకుంది. వారమైనా తగ్గలేదు, దగ్గితే గుడ్డలో ఎరుపు కనిపించింది. ఒక శుక్రవారం పొద్దున తంబి నా చొక్కా పట్టుకుని ‘అంకుల్ సిక్. డాక్టర్. ప్లీజ్’ అన్నాడు. ఆయన్ని ఆసుపత్రికి చేర్చాలి. చేర్చాలంటే పాసు కావాలి, పాసుకి ఉత్తరం కావాలి. నిజం చెప్పొద్దూ, నాకు లోపల గర్వంగా కూడా అనిపించింది. జీవితంలో మొదటిసారి నాకు వచ్చిన ఒక్క ఉత్తరమూ నిజమైన జ్వరానికి పనికొస్తోంది. నేను చెబుతుంటే తంబి రాశాడు. వాడు ‘సఫర్’ అని రాస్తే కొట్టేయించి ‘సఫరింగ్’ అని రాయించాను, కొట్టివేతలుండకూడదని మళ్ళీ మొత్తం రాయించాను. చివరికి రోజుల దగ్గరికి వచ్చాం.

‘ఫర్ టూ డేస్,’ అన్నాను.

వాడి పెన్ను ఆగింది. ‘టూ? వై టూ?’

‘ఆల్వేస్ టూ,’ అన్నాను. నా ఇంగ్లీషులో ఏ తప్పూ లేని వాక్యాల్లో అదొకటి.

ఆ రోజు నాళైకి సార్ ఎందుకో రేపు అనలేదు. మనిషి వెనక్కి వస్తాడని ఆఫీసు తరఫున హామీ సంతకం పెట్టి, తనే వెళ్ళి పాసు తెచ్చాడు. అడిగినన్ని రోజులే రాశారు. శనివారం పొద్దున మొదలు, ఆదివారం సాయంత్రం ఆరింటికి గేటు లోపల ఉండాలి. మామనీ తంబినీ ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ఎనిమిది నెలల తరువాత ఊళ్ళోకి వచ్చిన మామ, అంత జ్వరంలోనూ ఆటోలోంచి తల బయటపెట్టి అన్నీ చూశాడు. కూరగాయల బండి మీద ములక్కాయల కట్ట కనిపిస్తే నా భుజం తట్టి చూపించాడు. డాక్టరమ్మ ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విని, పడక ఇచ్చి, సెలైను ఎక్కించి, పది రోజులు కదపకూడదని చెప్పింది. నేను తల ఊపాను. ఆవిడ వెళ్ళాక జేబులో పాసు తీసి చూసుకున్నాను.

అప్పటికే శనివారం మధ్యాహ్నం దాటి ఆఫీసులు మూసేశారు. ఆదివారం పాసు ఇచ్చే ఆఫీసు లేదు, మా ఆఫీసూ లేదు. ఆ మధ్యాహ్నం నాళైకి సార్ ఇంటికి పరిగెత్తాను. ఆయన లుంగీ మీద గుమ్మంలోకి వచ్చి విన్నాడు. “హామీ సంతకం నాది గదప్పా. ఆరు దాటితే ఇంక ఈ ఓడలో ఎవరికీ పాసియ్యరు. ఇప్పటికి తీసకపో. రేపు పొద్దున్నే పది రోజులకి రాయించుకోని రా.” జీవితంలో మొదటిసారి ఆయన ‘రేపు’కి అర్థముంది. మా అమ్మ పంపిన గంజి రెండు గుక్కలు తాగించి, సెలైను సూది తీయించి, చేతికి దూది అంటించి, మామని గేటు లోపలికి తెచ్చాం. గేటు గడియారం అప్పుడు ఐదూ నలభై. అంత కచ్చితంగా నేను ఏ పరీక్షకీ వెళ్ళలేదు.

సోమవారం తంబి పది రోజులకి రాసిచ్చాడు. మధ్యాహ్నానికల్లా పాసు వచ్చింది. నా చేతిలో పెడుతూ నాళైకి సార్ అన్నాడు: “మొదట్నే పదని రాసి ఉంటే పదీ ఇచ్చి ఉంటారే. వాళ్ళకేం పొయింది? రెండని ఎవరు చెప్పినార్రా?” పాసు పట్టుకుని పరిగెత్తాను. నిచ్చెన పైన నాకోసం తొంగిచూసే తల లేదు. డెక్కు మీద ఆరుగురూ టోపీలు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. అరగంటైందట.

మర్నాడు తంబి ఆఫీసుకి ఇమ్మని ఒక కాగితం నా చేతికిచ్చాడు. నేను చెప్పింది కాదు, ఎవరూ దిద్దలేదు, ఒక్క కొట్టివేతా లేదు. ‘యాజ్ మై అంకుల్ ఈజ్ నాట్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ రిక్వెస్ట్ యు టు కైండ్లీ గ్రాంట్ హిమ్ లీవ్ ఫర్ ఆల్ డేస్.’ మా మామ ఇక జ్వరంతో బాధపడటం లేదు కనుక, ఆయనకు అన్ని రోజులూ సెలవు ఇప్పించమని ప్రార్థన. నాళైకి సార్ అది చదివి కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. “బాగా నేర్పినావప్పా,” అన్నాడు. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. నేను వెనక మెట్ల మీదికి పోయి కూర్చుని ఏడ్చాను. మామని ఇక్కడే దహనం చేశారు. కొన్ని నెలలకి కేసు తెమిలి వాళ్ళంతా ఇంటికి పోయేటప్పుడు తంబి మామ అస్థికలున్న చిన్న పెట్టెని గుండెకి ఆనించుకుని వ్యాను ఎక్కాడు. నాకు చెయ్యి ఊపుతూ ‘ఐ యామ్ గోయింగ్’ అన్నాడు.

ఆ తరువాత ఇంగ్లీషు పేపరు మూడోసారికి పాసయ్యాను. లీవు లెటరు రాయమని ప్రశ్న వచ్చింది, ఆ ఒక్కటీ వదిలేశాను.

మొన్న మా అమ్మాయికి జ్వరమొచ్చి, బడికి ఉత్తరం తనే రాసుకుని సంతకానికి తెచ్చింది. ఇన్నేళ్ళైనా ఒక్క అక్షరం మారలేదు. రోజుల దగ్గర ‘టూ’ అని ఉంది. పెన్ను తీసుకుని దాన్ని కొట్టేశాను.

“ఏం నాన్నా, రెండు చాలు గదా? ఇంకా ఎక్కువంటే సర్టిఫికెట్టు అడుగుతారు.”

“అడగనీమ్మా. తగ్గిందాకా అని రాయి.”

“అట్ల ఎవరూ రాయరు నాన్నా,” అని నవ్వింది, నుదురు కాలుతున్నా సరే. నాకూ నవ్వొచ్చింది. ‘ఆల్వేస్ టూ’ అంటూ డెక్కు మీద ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ళ పంతులు కళ్ళ ముందు కనిపించాడు. కొట్టివేత ఉందని ఉత్తరం మళ్ళీ రాయించకుండా, అట్లాగే సంతకం పెట్టి ఇచ్చాను.